ఆకరసూచన, కంప్యూటరు: ఒక అభిప్రాయము

పరిశోధన పత్రికలలోని వ్యాసములను చివరి పుట నుండి చదువువారు కొందరున్నారు. ఈ వ్యాసకర్తయు ఆ కోవకు చెందినవాడే. వ్యాసమున ఏమి చెప్పబడినదో తరువాత తెలియును; ఏమి చూచి చెప్పబడినదో ఉపయుక్త గ్రంథసూచి ముందే తెలుపును. అట్లు చదివినపుడు తఱచుగా కనబడునది యిది. ఒకే పండితుడు ఒక వ్యాసమున ‘వేటూరి’ అనియు, వేఱొకదాన ‘ప్రభాకరశాస్త్రి’ అనియు, మూడవదాన ‘శాస్త్రి, వి.’ అనియు మువ్వురుగా కానవచ్చును. ముద్రణ సంవత్సరము ఉండదు. ఉన్నను ఎన్నవ ముద్రణమో ఉండదు. భారత పద్యమునకు ‘భారతము, ఆరణ్యపర్వము’ అని మాత్రమే ఉండును. ఆశ్వాసమేది, పద్యసంఖ్య యేది, ఎవరు పరిష్కరించిన ప్రతి అనునవి పాఠకుని ఊహకు విడువబడును. ఆరణ్యపర్వము విషయమున ఇది చిన్న లోపము కాదు. ఆ పర్వమున కొంత భాగము నన్నయది, శేషము ఎఱ్ఱనది. సంఖ్య లేనిచో కవి ఎవరో కూడ తేలదు.

ఈ లోపమును తీర్చగలవని చెప్పబడు కంప్యూటరు సాధనములు నేడు విరివిగా లభించుచున్నవి. ఎండ్‌నోట్ వెల పెట్టి కొనవలసినది. మెండెలీ 2008లో వెలువడి 2013లో ఎల్సెవియర్ అను ప్రచురణ సంస్థ చేతిలోనికి పోయినది. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయమున చరిత్ర పరిశోధకుల కేంద్రము 2006లో విడుదల చేసిన జొటేరో ఉచితము. చరిత్రకారుల చేత పుట్టినది గనుక పాత గ్రంథములతోను, వ్రాతప్రతులతోను పనిచేయు మనబోటివారికి అదియే ఎక్కువ అనుకూలమని నా అభిప్రాయము. వీని పని స్థూలముగా ఒక్కటే. ప్రతి గ్రంథమునకు కర్త, సంపాదకుడు, ముద్రణ స్థలము, సంవత్సరము మొదలగు వివరములను ఒక్కసారి నింపి యుంచుకొన్నచో, వ్యాసము వ్రాయునపుడు కోరిన చోట పాదసూచిక పడును. చివర గ్రంథసూచి తనంత తానే కూర్చబడును. నడుమ ఒక పాదసూచికను చేర్చినను, తీసివేసినను సంఖ్యలన్నియు సరిపడును. నాలుగు వందల పాదసూచికలు గల సిద్ధాంత వ్యాసమునకు చివరి నెలలో సంఖ్యలు దిద్దుకొన్నవారికి ఈ ఒక్క సౌకర్యపు విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు.

పేరు క్రొత్తదైనను పని మనకు క్రొత్తది కాదు. కోలాచలము మల్లినాథసూరి మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసి, ప్రతి అర్థమునకు ఏ కోశము ప్రమాణమో పేరు చెప్పుచు పోయినాడు. 1885లో వెలువడిన శబ్దరత్నాకరమును, ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలువరించిన సూర్యరాయాంధ్ర నిఘంటువును తెఱచి చూచినచో అర్థము ప్రక్క ప్రయోగము, ప్రయోగము ప్రక్క గ్రంథ సంకేతము కనబడును. సంకేతముల పట్టిక ఒక్కటే. దానికి లోబడియే పుటలన్నియు నడచినవి. ఆఫ్రెక్ట్ పండితుడు 1891లో తొలి భాగమును ప్రకటించిన సంస్కృత గ్రంథ బృహత్సూచిని నవీకరించుటకు మద్రాసు విశ్వవిద్యాలయము 1935లో పూనుకొన్నది. కుప్పుస్వామిశాస్త్రి గారి కాలమున మొదలై, వి. రాఘవన్ గారి సంపాదకత్వమున 1949లో మొదటి సంపుటము వెలువడినది. ఆ పండితుల శ్రమలో సగము సేకరణ. తక్కిన సగము ఒకే పేరు గల అనేకులను విడదీయుట, అనేక పేరులు గల ఒకనిని కలుపుట. కంప్యూటరు మొదటి సగమున సాయపడును. రెండవ సగము నేటికిని మనదే.

కళ్యాణదుర్గము వంటి చోట ఈ సాధనము యొక్క అవసరము మఱింత ఎక్కువ. ఇది వర్షచ్ఛాయా ప్రాంతము. వేరుసెనగ పండిన యేడు విద్యార్థి తిరుపతి ప్రాచ్య పరిశోధనాలయమునకు పోగలడు. ఎండిన యేడు అరువది కిలోమీటర్ల అనంతపురమునకు పోవుటకే ఆలోచించును. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారము మాట చెప్పనే అక్కఱలేదు. పరిశోధన కాలమంతటికి ఒకటి రెండు సార్లు మాత్రమే పోగలిగినవాడు అచ్చట వ్రాసికొన్న వివరములో డి. సంఖ్యయో, ఆర్. సంఖ్యయో, పత్రసంఖ్యయో తప్పిపోయినచో, ఆ వాక్యమును వదలుకొనవలెను, లేదా ఊహించి వ్రాయవలెను. రెండవదే ఎక్కువగా జరుగుచున్నదని సిద్ధాంత వ్యాసములు చదువువారందఱికి తెలియును. జొటేరోలో వ్రాతప్రతికి ప్రత్యేకమైన పత్రమున్నది. అది ఏ భాండాగారమున ఉన్నది, దాని సంఖ్య యేమి అను గడులున్నవి. ఆ గడి ఖాళీగ కనబడినపుడు విద్యార్థి భాండాగారము తలుపు దాటక మునుపే జ్ఞాపకము తెచ్చుకొనును. ఒకసారి కంప్యూటరులో నెలకొల్పిన పిమ్మట ఈ పనికి అంతర్జాలము సైతము అక్కఱలేదు. కరెంటు మాత్రము కావలెను.

మన ప్రాంతమునకే చెందిన ఒక ఉదాహరణము ఇచ్చట ప్రస్తావింపదగినది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) కళ్యాణదుర్గమునకు చేరువనున్న కంబదూరు మండలములోని రాళ్ళపల్లిలో జన్మించినారు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించి, తరువాత తిరుపతి చేరి, 1950లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దివంగతులైన పిమ్మట అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణ భారమును వహించినారు. తిరుమల రాగిరేకుల నుండి ఆ సంకీర్తనలు అచ్చుకెక్కిన తీరును గమనింపుడు. ప్రతి రేకునకు సంఖ్య కలదు. ప్రతి కీర్తనకు రాగము పేరు కలదు. కావుననే నేడు అన్నమయ్యపై వ్రాయు పరిశోధకుడు రేకు సంఖ్య, సంపుటము, కీర్తన సంఖ్య చెప్పినచో ఎచ్చటివాడైనను దానిని పట్టుకొనగలడు. ముద్రణము మారినపుడు పుట మారును, రేకు మారదు. వేల కొలది కీర్తనలు, పోలిక గల పల్లవులు అనేకములు ఉన్న వాఙ్మయమున ఈ కట్టుబాటు లేకున్న పరిశోధన సాగియుండెడిది కాదు. ఇట్టి స్థిరమైన గుర్తు మన కావ్యములన్నింటికి ఉన్నది: ఆశ్వాసము, పద్యసంఖ్య. సాఫ్ట్‌వేర్‌లో పాదసూచిక చేర్చునపుడు పుట అను మాటకు బదులుగ పద్యము, అధ్యాయము, పత్రము అను వానిని ఎన్నుకొను వీలున్నది. మనవారిలో పెక్కుమంది దానిని తెఱచి చూడక, పుటసంఖ్యయే వేయుచున్నారు. అయితే పద్యసంఖ్యయు ప్రతిని బట్టి కొంత మారును గనుక పరిష్కర్త పేరు విధిగా ఉండవలెను.

అసలు చిక్కు పేరులతో వచ్చును. ఈ సాధనములు పాశ్చాత్యుల పేరులను మనసున ఉంచుకొని కట్టబడినవి. కర్త పేరునకు రెండు గడులుండును: వంశనామమునకు ఒకటి, వ్యక్తినామమునకు ఒకటి. ‘శర్మ’ను వంశనామపు గడిలో వేసినచో రాష్ట్రములోని శర్మలందఱు ఒక కుటుంబమగుదురు. ‘రాళ్ళపల్లి’ని వేసినచో పట్టికలో సరిగానే కూర్చుండును గాని, కొన్ని శైలులలో పాదసూచికయందు ‘అనంతకృష్ణశర్మ రాళ్ళపల్లి’ అని తలక్రిందులుగ అచ్చగును. తెలుగువాడు అట్లు పిలువడు. దీనికి మార్గము ఆ సాధనములోనే ఉన్నది. రెండు గడులను ఒకటిగా మార్చు చిన్న గుర్తు నొక్కి, ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తి పేరును ఒకే గడిలో వ్రాయవలెను. నన్నయకు, మల్లినాథునకు ఎట్లును ఒక్క గడియే చాలును. పొడి అక్షరములను మాత్రము విప్పియే వ్రాయవలెను, లేనిచో ‘ఆర్.’ అని మొదలగు రాళ్ళపల్లి వారు అకారాదిలో ఆదిభట్ల వారి సరసన తేలుదురు. లిపి విషయమున కూడ ఒక నిర్ణయము కావలెను. రఘువంశమును ఒకసారి నాగరిలో, ఒకసారి తెలుగులో, ఒకసారి రోమనులో ఎక్కించినచో కంప్యూటరునకు అవి మూడు గ్రంథములు. మూడు వేఱు గుంపులలో కూర్చుండును. శైలిని ఆంగ్లమున ఉంచినచో తెలుగు గ్రంథసూచి నడుమ ‘సంపాదకుడు’, ‘అనువాదకుడు’ అనుటకు ఇంగ్లీషు పొడిమాటలు చొరబడును. వానిని చేతితో దిద్దుకొనవలెను.

సంవత్సరములను గూర్చి ఒక మాట. పాత తెలుగు ముద్రణములలో కొన్నింటిపై ప్రభవాది నామ సంవత్సరమే ఉండును. ‘ప్రభవ’ 1927–28 కావచ్చును, 1987–88 కావచ్చును. కాగితమును, ముద్రాక్షరశాలను చూచి తేల్చవలెను. అన్నమయ్య నిర్యాణము దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి. దుందుభికి సరిపడు శక 1424కు డెబ్బది ఎనిమిది కలిపినవాడు 1502 అని వేయును; ఫాల్గుణము సంవత్సరాంతము గనుక అది 1503. కంప్యూటరు గడి ఒక్క క్రీస్తుశకపు అంకెనే కోరును. దానిని వేసి, పుస్తకముపై ఉన్న మాటను ఉన్నట్లు అదనపు గడిలో వ్రాసి యుంచుట మేలు. పుస్తక సంఖ్యను వేసినంతనే వివరములన్నియు వచ్చి పడునను సౌకర్యము మనకు అంతగా ఉపకరింపదు. ఆ అంతర్జాతీయ సంఖ్య 1970 ప్రాంతమున వచ్చినది. మన ఆకరములలో అధిక భాగము అంతకు పూర్వపువి. చేతితో నింపవలసినదే. నింపుట వలన పుస్తకపు మొదటి పుటను శ్రద్ధగా చదువుదుము గదా!

ఇంతకంటె పెద్ద ప్రమాదము ఒకటి కలదు. ఈ సాధనములలో ఒకరి సేకరణమును మఱియొకరు క్షణములో తమ కంప్యూటరులోనికి తెచ్చుకొనవచ్చును. రెండు వందల గ్రంథములు చదువకయే రెండు వందల గ్రంథముల సూచి సిద్ధమగును. వ్రాతప్రతులను పరిష్కరించువారికి తెలిసిన విషయమే: రెండు ప్రతులలో ఒకే తప్పు ఒకే చోట ఉన్నచో అవి ఒకే మాతృక నుండి పుట్టినవని నిశ్చయింతుము. నేటి సిద్ధాంత వ్యాసముల గ్రంథసూచులను అదే దృష్టితో పరీక్షించినచో వంశవృక్షములను గీయవచ్చును. వెనుకటి లేఖకుడు చేతితో వ్రాయుచు కనీసము ఒకసారి ఆ తప్పును చదివెడివాడు. అంతర్జాలమున లభించు పాత తెలుగు పుస్తకముల ఛాయాప్రతుల వివరములు మఱియొక మాతృక. అవి రోమను లిపిలో తోచినట్లు వ్రాయబడినవి. కర్త పేరు ఉండవలసిన చోట ‘లభ్యము కాదు’ అను అర్థము గల మాట పలు చోట్ల కనబడును. జొటేరో ఆ మాటను కర్త పేరుగనే గ్రహించును. దానికి వేఱు తెలియదు.

కావున నా సూచన ఒక్కటి. ప్రతి పత్రమునకు చిన్న గుర్తు తగిలించు వీలు ఈ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది. ‘చూచినది’, ‘ఛాయాప్రతిని చూచినది’, ‘పరోక్షము’ అని మూడు గుర్తులు పెట్టుకొనవలెను. పరోక్షమైనదానికి, ఎవరి గ్రంథము ద్వారా తెలిసినదో పాదసూచికలోనే చెప్పవలెను. ఇందు అవమానమేమియు లేదు. కళ్యాణదుర్గము విద్యార్థి మద్రాసులోని తాళపత్రమును చూడలేకపోవుట అతని తప్పు కాదు. చూచినట్లు వ్రాయుట తప్పు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నియమముల ప్రకారము సిద్ధాంత వ్యాసములలో ఇతరుల రచనతో పోలిక పదిశాతము మించినచో చర్యలున్నవి. ఆకరము చెప్పి ఉదాహరించిన భాగమును ఆ లెక్కలో చేర్చరు. విద్యార్థులు ఆ అంకెకు భయపడి సాఫ్ట్‌వేర్‌ను ఆశ్రయించుచున్నారు. చూడని పుస్తకమును చూచినట్లు చెప్పుటను ఏ పోలిక లెక్కయు పట్టజాలదు. దానిని పట్టవలసినది పర్యవేక్షకుడే. మౌఖిక పరీక్షలో గ్రంథసూచి నుండి ఒక పుస్తకమును పేర్కొని, ‘దీని పీఠిక ఎవరిది?’ అని అడిగినచో చాలును.

ధారణ గల పండితునకు ఇవన్నియు ఎందుకని పెద్దలు కొందఱు అనుచున్నారు. ధారణలో పద్యముండును, ఏ పరిష్కర్త ఏ పాఠమును స్వీకరించెనో అది చాలవఱకు ఉండదు. ఆ మాట అంతటితో సరి. ముద్రణాలయముల చిక్కు మాత్రము నిజమైనది. యూనికోడు కాని పాత అక్షరరూపములతో అచ్చుకూర్చు చోట్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గ్రంథసూచి చెదరిపోవుచున్నది. మరల చేతితో కూర్చగా క్రొత్త తప్పులు చేరుచున్నవి. పత్రికల సంపాదకులు యూనికోడులో స్వీకరించి యూనికోడులోనే అచ్చువేయు ఏర్పాటు చేసికొనువఱకు శ్రమలో సగము వ్యర్థము.

ప్రాచ్య కళాశాలల పత్రికా సంపాదకులు కూడి, పేరులు, సంవత్సరములు, పద్యసంఖ్యలు వ్రాయు పద్ధతిని రెండు పుటలలో నిర్ణయించి ప్రతి సంచికలో అచ్చువేయవచ్చును. ఆ రెండు పుటలు ఉన్నచో తెలుగునకు తగిన శైలిని కంప్యూటరు తెలిసిన యువకులు తయారు చేయగలరు. జొటేరో వాడు శైలిభాష ఎవరైనను సవరించుకొనుటకు వీలైనదే. తొలి ప్రయోగమునకు దూరము పోనక్కఱలేదు. రాళ్ళపల్లి వారి ‘వేమన’, ‘నాటకోపన్యాసములు’, ‘సారస్వతాలోకము’, ‘శాలివాహన గాథాసప్తశతీ సారము’, వారు పరిష్కరించిన సంకీర్తన సంపుటములు, వాని వేర్వేఱు ముద్రణములు, వారిపై వచ్చిన వ్యాసములు: వీనికి సమగ్రమైన సూచిని ఇచ్చటి విద్యార్థులు ఒక విద్యా సంవత్సరములో సిద్ధము చేయవచ్చును. ప్రతి పేరు ప్రక్క ఎవరు ఏ ప్రతిని, ఏ గ్రంథాలయమున, ఏ దినమున చూచిరో ఉండవలెను.