గ్రాఫ్ట్ పొడి కంటే ముందు మీ షుగర్ సంగతి చూడండి

చిగుళ్ల జబ్బుతో పన్ను కదులుతోందని వెళ్తే, 'ఎముక కరిగిపోయింది, బోన్ గ్రాఫ్ట్ వేయాలి' అని దంతవైద్యులు చెప్పడం ఇప్పుడు మామూలైంది. ఇంటికొచ్చాక చర్చంతా పొడి గురించే. ఏ కంపెనీది మంచిది? ఖరీదైనదైతే పన్ను గట్టిపడుతుందా? సర్జరీకి ముందు షుగర్ చూపించుకోవడానికి మా ఓపీకి వచ్చేవాళ్లూ ఇదే అడుగుతుంటారు. ఆ పొడిని పట్టుకోవాల్సిన కణాలు మీ నోట్లో ఏ స్థితిలో ఉన్నాయో ముందు అడగాలని నా అభిప్రాయం.

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. దీన్ని పీరియోడాంటల్ లిగమెంట్ అంటారు. మందం దాదాపు 0.2 మిల్లీమీటర్లే అయినా, నమిలేటప్పుడు పడే బరువును తట్టుకునేది ఇదే. అన్నంలో రాయి పంటికింద పడగానే టక్కున ఆగిపోతామే, ఆ కబురు మెదడుకు పంపడంలోనూ ఇందులోని నరాలదే ముఖ్యపాత్ర. చిగుళ్ల జబ్బు ముదిరితే ఈ నారలు తెగిపోతాయి, చుట్టూ ఎముక కరిగి గుంట పడుతుంది.

పందిరి మాత్రమే

ఆ గుంటను శుభ్రం చేసి గ్రాఫ్ట్ నింపుతారు. మన ఒంటి నుంచే తీసిన ఎముకను మినహాయిస్తే, మామూలుగా వాడే పొడుల్లో బతికున్న కణాలు ఉండవు. పాదుకు వేసిన పందిరి లాంటిదే ఈ పొడి. దాని మీదకు పాకాల్సిన తీగ మన ఒంట్లోంచే రావాలి.

రక్తం తగలగానే అందులోని ఫైబ్రోనెక్టిన్ వంటి ప్రొటీన్లు పొడి రేణువులపై పూతలా పరుచుకుంటాయి. లిగమెంట్ కణాలు ఇంటెగ్రిన్లనే కొక్కేల లాంటి అణువులతో ఆ పూతను పట్టుకుంటాయి. అలా అతుక్కున్నాకే అవి విస్తరించి, సంఖ్య పెంచుకుని, కొత్త నారలు అల్లగలవు. రేణువు గరుకుదనాన్ని, రంధ్రాలను, రసాయన గుణాన్ని బట్టి ఈ పట్టు మారుతుంది. కాబట్టి పొడి రకానికి విలువ లేదని నేననను. కానీ ల్యాబ్‌లో శుభ్రమైన పాత్రలో అతుక్కునే కణానికి నోట్లో బ్యాక్టీరియాతో, వాపుతో పోరాటం తప్పదు.

ఇంకో పోటీ కూడా ఉంది. సర్జరీ తర్వాత వేరు మీదకు ఏ కణాలు ముందు చేరితే, మానే తీరు దాన్ని బట్టే ఉంటుందని 1976లో మెల్చర్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు. చిగురు పైపొర కణాలు చాలా వేగంగా దిగుతాయి. అవే ముందు చేరితే పైకి గాయం మానుతుంది కానీ నారలు తిరిగి ఏర్పడవు. వాటిని ఆపడానికే కొన్నిసార్లు పొడిపైన మెంబ్రేన్ అనే పలుచని పొర వేస్తారు. ఎక్స్‌రేలో గుంట తెల్లగా నిండినట్టు కనిపించినా, అవి పొడి రేణువులే కావచ్చు.

షుగర్, పొగాకు

షుగర్ అదుపులో లేకపోతే ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది. చిగుళ్ల జబ్బు వల్ల షుగర్ అదుపు కూడా కష్టమవుతుంది. నికోటిన్ లిగమెంట్ కణాల పట్టును దెబ్బతీస్తుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. సిగరెట్లు, గుట్కా మానకుండా వేలు పోసి గ్రాఫ్ట్ వేయించుకోవడం, బీటలు వారిన చెరువుకు నీళ్లు పెట్టడమే. అందుకే 'ఫిట్‌నెస్ రాసివ్వండి చాలు' అన్న పద్ధతి మారాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూసి, అది చాలామందికి సూచించే 7 శాతం లోపునకు వచ్చాకే తొందరలేని సర్జరీ పెట్టుకోవాలని మా వైద్యులమూ గట్టిగా చెప్పాలి.

మీరు దంతవైద్యుల్ని నాలుగు సంగతులు అడగండి. డీప్ క్లీనింగ్ చేసి, కొన్ని వారాలు ఆగి చిగుళ్లను మళ్లీ చూశారా? నా పంటి దగ్గర గోడలున్న లోతైన గుంట ఉందా, లేక ఎముక అంతటా సమంగా తగ్గిందా? సమంగా తగ్గిన చోట పొడి నిలవడం కష్టం. ఈ పొడి దేంతో తయారైంది? దాతల ఎముకతో, పశువుల లేదా పంది ఎముకతో చేసినవీ, కృత్రిమమైనవీ ఉన్నాయి. మత విశ్వాసాల రీత్యా అభ్యంతరం ఉంటే ముందే చెప్పే హక్కు మీది. చివరిగా, సర్జరీ తర్వాత ఎన్నాళ్లకోసారి క్లీనింగ్‌కు రావాలి?

జవాబులు తృప్తిగా లేకపోతే రెండో అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో చిగుళ్ల వైద్య విభాగాలున్నాయి. కదిలే ప్రతి పన్నూ నిలుస్తుందని చెప్పలేం. అలాగని తొందరపడి పీకించుకోవద్దు. తర్వాత పెట్టించుకునే ఇంప్లాంట్ చుట్టూ ఈ లిగమెంట్ ఉండదు.

- వ్యాసకర్త ప్రభుత్వాసుపత్రిలో ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ