ఆగిన ఈత మళ్ళీ సాగింది

ఎండాకాలం మన కరీంనగర్ పల్లెల్లో పిల్లలు బావిలో కప్పలా కాళ్ళు ముడిచి తన్ని ఈదుతారు చూడండి, అలాంటి ఈతకే పోటీల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ అని పేరు. లిథువేనియా పిల్ల రూత మెయిలుతీతె నాలుగేళ్ళప్పుడే తల్లిని పోగొట్టుకుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో, 15 ఏళ్ళకే, 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో బంగారు పతకం గెలిచింది.

తర్వాత మనసు కుంగింది. 2019లో ఈతే మానేసింది. డోపింగ్ పరీక్షలకు అందుబాటులో లేదని రెండేళ్ళ నిషేధం కూడా పడింది. అయినా మళ్ళీ నీళ్ళలోకి దిగింది. 2022లో ప్రపంచ విజేత అయ్యింది. 2023లో జపాన్‌లోని ఫుకువోకాలో 50 మీటర్లు 29.16 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టింది.

ఈత రాకున్నా ఈ కథ మనదే అక్కా! పెళ్ళయ్యాక మీరు పక్కన పెట్టింది చదువా, సంగీతమా, కుట్టుమిషనా? ఈ ఆదివారం ఓ గంట దానికివ్వండి. ఆ పూట వంట ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు లెండి!