పర్మిషన్ ఎవరినడగాలి?



దేశంలో ఇన్ని సమస్యలుండగా, కంప్యూటర్ ల్యాబులో ఫైలు సేవ్ కాని సంగతి మీద వ్యాసమేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కాని ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

జన్నారం అవతలి పల్లె నుండి చదువుకోసం కరీంనగర్ వచ్చినవాణ్ణి. ఇక్కడికి వచ్చేదాకా కీబోర్డు ముట్టినవాణ్ణి కాను. నల్లటి తెర మీద నానో అనే ఎడిటర్ తెరిచి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ గంటన్నరసేపు ప్రోగ్రాం రాశాను. సేవ్ చేద్దామని కంట్రోల్-ఓ నొక్కితే కింద ఇంగ్లీషులో వచ్చిన మాట: ‘పర్మిషన్ డినైడ్’. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. ఇంతలో గంట కొట్టారు. రాసిందంతా పోయింది.

ఆ రాత్రి హాస్టల్లో పడుకుని, ఈ చదువు మనవంటి వాళ్ళది కాదేమో, ఊరికి పోదామా అనుకున్నాను. తెర మీద వచ్చిన ఆ మాట ఫైలు గురించి అన్నట్టు లేదు, నన్ను గురించి అన్నట్టే ఉంది!

తెల్లారి సీనియర్ అన్న ఒకాయన చూసి, “తమ్మీ, గింతదానికే ఏడుస్తరా? చ్‌మాడ్ 777 కొట్టు, అన్నీ తెరుచుకుంటయ్” అన్నాడు. కొట్టాడు. తెరుచుకుంది. ఎందుకు మూసుకుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నా ఫిర్యాదు సరిగ్గా ఇక్కడే ఉంది. మన ల్యాబుల్లో ఈ 777ను తాయెత్తులాగా చేతికి కడుతున్నారు తప్ప, జబ్బేమిటో చెప్పేవాళ్ళు లేరు.

అసలు జరిగిందేమిటి? ముందురోజు ఆ ఫైలును మొదట తయారు చేసిచ్చింది ఆ అన్నే. ‘సుడో నానో’ అని కొట్టి చేశాడు. సుడో అంటే ఆ ఒక్క పనికి రూట్, అనగా యంత్రానికి పెద్ద యజమాని, అధికారం అరువు తెచ్చుకోవడం. అందుకని ఆ ఫైలు రూట్ పేరన పట్టా అయ్యింది. మరునాడు నేను మామూలు మనిషిగా తెరిచాను. చదవనిచ్చింది, రాయనివ్వలేదు. తెరిచినప్పుడే అడుగున ‘అన్‌రైటబుల్’ అని నానో చెప్పింది కూడా. విమ్‌లో అయితే ‘రీడ్‌ఓన్లీ’ అని వస్తుంది. అటు చూడాలని నాకెవరు చెప్పారు?

ఈ కట్టుబాటు మనను ఏడిపించడానికి పెట్టింది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్ మొదలుపెట్టారు. ఒకే యంత్రం మీద పలువురు పనిచేసే ఆ పద్ధతిలో ఒకరి రాత ఇంకొకరు చెరపకూడదు గదా! అందుకే ప్రతి ఫైలుకు యజమాని, గ్రూపు, తక్కినవాళ్ళు అని మూడు వర్గాలు. ఒక్కో వర్గానికి చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కూడితే వచ్చే అంకెలే ఇవి. 644 అంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు, మిగతావాళ్ళు చదవడమే. 777 అంటే అందరికీ అన్నీ.

మా తాత కాలంలో పహాణీ పట్వారీ సంచిలో ఉండేది. మన భూమి లెక్క మనం చూడాలన్నా ఆయన దయ. 1984లో ఆ పట్వారీ వ్యవస్థను రద్దు చేశారు. మంచిదే. అట్లాగని పహాణీని చావడి అరుగు మీద పడేసి, పక్కన కలం పెట్టి, ‘ఎవరికి తోచింది వారు రాసుకోండి’ అంటే ఎవరి గుంట భూమైనా మిగులుతుందా? ప్రతిదానికీ సుడో అనడం పట్వారీ సంచి. ప్రతిదానికీ 777 అనడం అరుగు మీది పహాణీ. రెండూ వద్దు. ఎవరి హక్కు ఎంతో తెలిసి ఉండడమే కావాలి.

“ల్యాబు రెండు గంటలే, సిలబస్ బండెడు. పని జరిగితే చాలదా?” అని అడిగే అధ్యాపకులున్నారు. వారి కష్టం నాకు తెలుసు. కాని మా తోటి విద్యార్థి ఒకడు అదే తాయెత్తును మొత్తం యంత్రానికి కట్టాడు. దాంతో సుడో కమాండుకున్న ప్రత్యేక గుర్తు చెరిగిపోయి అదే పనిచేయడం మానేసింది. ఇక యంత్రాన్ని బాగుచేసే దారేది? అంతా మొదటి నుండి ఎక్కించుకోవలసి వచ్చింది. మిగిలిన సమయం ఎంత?

కొత్తగా వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నా మనవి ఇది. ఆ మాట కనబడగానే భయపడి ఎడిటర్ మూయకండి. మీ రాత ఇంకా అందులోనే ఉంది. నానోలో కంట్రోల్-ఓ కొట్టి, ఫైలు పేరు మార్చి మీ సొంత డైరెక్టరీలో దాచుకోండి. విమ్‌లోనూ వేరే పేరుతో రాసుకునే వీలుంది. తరువాత మూడు ప్రశ్నలు వేయండి. నేనెవరు? ‘హూయామ్‌ఐ’ చెబుతుంది. ఈ ఫైలు ఎవరిది? ‘ఎల్‌ఎస్ -ఎల్’ చెబుతుంది. ఇది ఏ డైరెక్టరీలో ఉంది, అక్కడ నాకేం హక్కుంది? డైరెక్టరీ సంగతి వేరు. కవ్వాల్ అడవి దారిన బస్సులో పోనిస్తారు, కట్టె కొట్టనివ్వరు. అట్లాగే డైరెక్టరీ గుండా పోయే హక్కు వేరు, అందులో పేర్లు చేర్చే, తీసేసే హక్కు వేరు. ఫైలు మీది కావలసినదైతే ‘చౌన్’తో మీ పేరన చేయించుకోండి. నలుగురు కలిసి చేసే పనైతే గ్రూపు పెట్టించుకోండి. సిస్టం ఫైలు అయితే, నిజంగా మార్చవలసి ఉంటే, అప్పుడు ‘సుడోఎడిట్’ వాడండి.

ఈ మూడు ప్రశ్నలను తెలుగులో రాసి ల్యాబు గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? మొదటి రోజు అరగంట కేటాయిస్తే ఏ సిలబస్ మునుగుతుంది? ఆదిలాబాద్ అడవి పల్లెల నుండి, కరీంనగర్ బీడు భూముల నుండి మొదటి తరంగా ఇక్కడికి వచ్చినవాళ్ళం మనం. జీవితమంతా ‘లేదు, పో’ అన్న మాట వింటూ పెరిగాం. తెర మీద కూడా అదే మాట కనబడితే తలవంచుకోవడం మనకు అలవాటు.

ఆ అలవాటు పోవాలి. ‘లేదు’ అన్నప్పుడు తిరిగిపోవద్దు, గోడ పగలగొట్టవద్దు. ఎవరిది, ఎందుకు, ఎంతవరకు అని అడగాలి. కంప్యూటర్ అయితే జవాబు చెబుతుంది. అడగడం అక్కడ నేర్చుకుంటే, రేపు బయట ఆఫీసుల ముందు కూడా అడగగలం.