ఖాళీ తొట్టీ, ఆరు సెంటీమీటర్లూ

బిడ్డ పుట్టకముందు ఉయ్యాల ఇంట్లోకి తేకూడదట. ఖాళీ ఉయ్యాల ఊపకూడదట. ఊపితే బిడ్డకు కడుపునొప్పి అని కొందరు, ఆయుష్షు తగ్గుతుందని ఇంకొందరు. ఇది ఒక్క తెలుగువాళ్ళకే పరిమితం కాదు. నేను ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన పుణేలో మరాఠీవాళ్ళు కూడా "రికామా పాళణా హలవూ నయే" అంటారు. అర్థం అదే, ఖాళీ ఉయ్యాల కదపొద్దని.

ఈ మాట ఎందుకు పుట్టిందో ఊహించడం కష్టం కాదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. అంతకుముందు ఇంకా ఘోరం. వీధికొక ఇంట్లో ఉయ్యాల కట్టి ఉంచారు, బిడ్డ దక్కలేదు, ఆ ఖాళీ ఉయ్యాలని తల్లి చూడలేకపోయింది. అక్కడినుంచే "ముందే కట్టొద్దు" అన్న నియమం వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. దుఃఖంలోంచి వచ్చిన జాగ్రత్త అది. దాన్ని చూసి పకపకా నవ్వే హేతువాదులంటే నాకు కాస్త చిరాకు.

అయితే 2020 నాటికి ఆ 129 కాస్తా 28కి దిగింది. దించింది టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు. ఉయ్యాల ఆలస్యంగా కొనడం వల్ల ఒక్క అంకె కూడా తగ్గలేదు. పైగా ఈ నియమం ఇప్పుడు ఎదురు నష్టం చేస్తోంది. బిడ్డ పుట్టాక బారసాలలోపు ఇంట్లో మగవాళ్ళు బజారు మీద పడతారు. ఏది దొరికితే అది, రంగు వాసన పోకముందే ఇంటికి తెస్తారు. మార్చి నెలాఖరున, నిధులు మురిగిపోతాయన్న భయంతో కొన్న సామాను ఎలా ఉంటుందో డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్పై అయిదేళ్ళు బిల్లులు చూసినవాణ్ణి, నాకు వేరే చెప్పక్కర్లేదు. హడావుడిగా కొన్నదానికి తనిఖీ ఉండదు.

అందుకే 2023లో మా అమ్మాయి తొలి కాన్పుకి మా ఇంటికి వచ్చినప్పుడు, ఏడో నెలలోనే పని మొదలుపెట్టాను. నేను చేయించింది ఊగే ఉయ్యాల కాదు. నాలుగు పక్కలా పట్టీలున్న, కదలని చిన్న మంచం. ఇంగ్లీషువాళ్ళ క్రిబ్. తొట్టిమంచం అందాం.

కలప దగ్గరే మొదటి పేచీ. తెలిసినాయన ఒకరు, కూలగొట్టిన పాత వాడాలోని టేకు తలుపు ఉంది, ఊరికే తీసుకెళ్ళమన్నారు. అలాంటి టేకు ఇప్పుడు దొరకదు, నిజమే. కానీ దానిమీద ఎన్ని పొరల రంగు ఉందో, అందులో ఎంత సీసం ఉందో ఎవరికీ తెలియదు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం మిలియన్‌కి 90 భాగాలు మించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చిందే 2017 నవంబరు 1న. ఆ తలుపు అంతకు చాలా ముందుది. గీకితే ఆ పొడి గర్భిణి ఉన్న ఇంట్లో గాల్లోకి లేస్తుంది. గీకకపోతే పళ్ళు వచ్చే వయసులో బిడ్డ కొరుకుతుంది. సీసానికి ఇంతవరకు ఫరవాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకో మిత్రుడు విదేశీ ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క చవకన్నాడు. దానిమీద ముద్ర చూసి కొనాలి. ఎచ్‌టి అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబి అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. చివరికి భవానీ పేఠ టింబర్ మార్కెట్లో కొత్త ఘానా టేకు కోయించాను. ధర విని మా ఆవిడ నా మొహంకేసి చూసింది తప్ప ఏమీ అనలేదు.

వడ్రంగి రాజస్థాన్ మనిషి, చేయి తిరిగినవాడు. పొడుగు పక్క లోపలి కొలత 120 సెంటీమీటర్లు, పట్టీ వెడల్పు 3. పట్టీకీ పట్టీకీ మధ్య "చార్ ఉంగల్" చాలన్నాడు. అంటే మన బెత్తెడు. అతని బెత్తెడు టేపు పెట్టి చూస్తే 8 సెంటీమీటర్ల పైచిలుకు. ఆ లెక్కన పక్కకు పది పట్టీలతో పని తెమిలిపోతుంది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ సందు 6 సెంటీమీటర్లు మించకూడదని అమెరికాలో 1970ల నుంచే నిబంధన ఉంది. యూరప్ ప్రమాణం 4.5కీ 6.5కీ మధ్య ఉండాలంటుంది. ఎందుకంటే, పసిపిల్లల శరీరంలో అన్నిటికన్నా పెద్దది తల. సందు ఎక్కువైతే నిద్రలో దొర్లుతూ కాళ్ళు, నడుము బయటికి జారతాయి. తల మాత్రం రాదు. బిడ్డ మెడ దగ్గర వేలాడిపోతుంది. బెత్తెడు సందు పెద్దవాళ్ళ కంటికి అందంగానే ఉంటుంది.

కాగితం మీద లెక్క వేసి వడ్రంగికి చూపించాను. పన్నెండు పట్టీలు వేస్తే సందు 6.46. పదమూడు వేస్తే 5.79. పద్నాలుగు వేస్తే 5.2. పదమూడుతో నిబంధన గట్టెక్కుతుంది, నిజమే. కానీ కర్ర ఎండి కుంచించుకుంటే? ఒక పట్టీ కాస్త వంగితే? రెండు మిల్లీమీటర్ల నిలవతో నేను ఖాతా మూయలేను. పద్నాలుగు వేయమన్నాను. 60 సెంటీమీటర్ల పొట్టి పక్కలకు ఏడేసి. అంతా అయ్యాక సరిగ్గా 6 సెంటీమీటర్ల మందం చెక్కదిమ్మ ఒకటి కోయించి, నలభై ఆరు సందుల్లోనూ పెట్టి చూశాం. ఎక్కడా దూరలేదు. మొదటి రోజు "సాబ్, మా తాతల నుంచి ఇలాగే చేస్తున్నాం" అన్న వడ్రంగి, ఆ దిమ్మ తనకిమ్మని అడిగి పట్టుకెళ్ళాడు.

మూలల్లో స్తంభాలు పైకి పొడుచుకు రాకుండా అడ్డకర్ర మట్టానికే కోయించాను. నగిషీ గుబ్బలు పెడితే ముచ్చటగా ఉంటుందన్నారు. వాటికి చొక్కా మెడ తగులుకుంటే ఏమవుతుందో ఆలోచించినవాళ్ళు పెట్టరు. ఒక పక్క కిందికి దించే ఏర్పాటు కూడా వద్దన్నాను. నడుము వంచకుండా బిడ్డను తీసుకోవచ్చు, సౌకర్యమే. కానీ ఆ దిగే పక్క ఒక మూల ఊడి, పరుపుకీ దానికీ మధ్య ఇరుక్కుని 2000 తర్వాత పదేళ్ళలో అమెరికాలో కనీసం 32 మంది పిల్లలు చనిపోయారు. 2011 జూన్ నుంచి అక్కడ వాటి అమ్మకమే నిషేధం. నేను చూసిన దుకాణంలో ఆ రకాన్నే "లేటెస్ట్ మోడల్" అని చూపించారు.

రంగు వేయలేదు. చపడా, అంటే లక్కపొరలు, స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో మూడుసార్లు పట్టించాను. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేదీ లక్కే. స్పిరిట్ వాసన పూర్తిగా పోయేవరకు మూడు వారాలు వరండాలో ఆరబెట్టాం. బిడ్డ పుట్టాక మొదలుపెట్టి ఉంటే ఆ మూడు వారాలు ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఆ ఆరబెట్టే రోజుల్లోనే మా వియ్యపురాలు రాజమండ్రి నుంచి కోడల్ని చూడ్డానికి వచ్చారు. వరండాలో గోడకానించిన పక్కల్ని చూసి ఆవిడ మొహం మారిపోయింది. రాత్రి మా ఆవిడకు చెప్పుకున్నారు. ఆవిడకు తొలి కాన్పులో ఆడపిల్ల. తొమ్మిదో రోజున పోయింది. పుట్టింటివాళ్ళు ముందే చేయించి పంపిన ఉయ్యాల చాలా ఏళ్ళు అటక మీదే ఉండిపోయిందట. మర్నాడు నాతో అన్నారు, "అన్నయ్యగారూ, మీకు ఇవన్నీ నమ్మకం లేదని తెలుసు. నాకూ వాదన ఏం లేదు. భయం, అంతే."

శాస్త్రం, గణాంకాలు ఆవిడ ముందు విప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "అక్కయ్యగారూ, ఇవి ప్రస్తుతానికి చెక్కలు. బోల్టులన్నీ నా బీరువాలో ఉన్నాయి. మీ మనవడో మనవరాలో వచ్చాకే ఇది మంచం అవుతుంది" అన్నాను. ఆవిడ నవ్వలేదు గానీ, ఆ మధ్యాహ్నం తనే పాత దుప్పటి తెచ్చి పక్కల మీద కప్పారు, దుమ్ము పడకుండా. ఆసుపత్రి నుంచి వచ్చే రోజు పొద్దున్నే అల్లుడూ నేనూ కలిసి బిగించాం. అరగంట పట్టింది.

మా సంఘంలో ఒకరిద్దరు మిత్రులు, "నువ్వు మూఢనమ్మకానికి తలవంచావు" అన్నారు. నేనొప్పుకోను. బోల్టులు ఏ రోజు బిగించినా బిడ్డ భద్రతలో తేడా లేదు. తేడా లేని చోట పట్టుదల ఎందుకు? బారసాల నాడు పాటలు పాడించారు, నేను కూర్చుని విన్నాను కూడా.

తేడా ఉన్న చోట మాత్రం కదల్లేదు. గాలీ ధూళీ సోకకుండా పక్కలో పెట్టే చాకు వద్దన్నాను. తొట్టిమంచం పట్టీకి దిష్టి నల్లదారం కడతామంటే, నా చేతికి కట్టండి, కావాలంటే మొలకీ కట్టండి, బిడ్డకు అందే చోట ఏ తాడూ వద్దన్నాను. తల గుండ్రంగా రావాలని ఎంతో ప్రేమగా కుట్టి తెచ్చిన ఆవాల దిండు విషయంలో అందరికీ కాస్త మనసు కష్టపడింది. ఏడాదిలోపు పిల్లలకు దిండు, బొంత, మెత్తటి బొమ్మ ఏదీ పక్కలో ఉండకూడదు. పరుపు గట్టిగా, అంచులకు సరిగ్గా సరిపోవాలి, పక్కన రెండు వేళ్ళు పట్టేంత సందు కూడా ఎక్కువే. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1992లో ఈ మాట చెప్పడం, 1994 నుంచి దాన్ని ఇంటింటికీ ప్రచారం చేయడం జరిగాక, నిద్రలో కారణం తెలియకుండా పోయే పసిపిల్లల సంఖ్య అక్కడ పదేళ్ళలో దాదాపు సగానికి పడిపోయింది. ఖర్చేమీ లేని వైద్యం. ఆవాల దిండు ఇప్పుడు మా ఆవిడ మెడనొప్పికి పనికొస్తోంది.

కిటికీ పక్కన పెట్టలేదు, కర్టెన్ తాడు అందుతుందని. మిగిలిన గోడ పక్కన పెడితే తల తూర్పుకి వచ్చింది. ఉత్తర దిక్కు గురించి వాదించే అవకాశం ఆ విధంగా నాకు దక్కలేదు.

దోమతెర గురించి విదేశీ పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. వాళ్ళకు డెంగీ బాధ తక్కువ. మేం తెరను లోపలికి వేలాడనీయకుండా, బయట వేరే చట్రం నిలబెట్టి బిగుతుగా కట్టాం. మనవరాలు లేచి కూర్చోవడం మొదలుపెట్టగానే పరుపు అడుగుబల్లను కింది బెజ్జాలకు దించాం. అప్పుడు పై అడ్డకర్ర దాకా 66 సెంటీమీటర్లు వచ్చింది.

పిల్ల ఎత్తు 89 సెంటీమీటర్లకు రాగానే దీని పని అయిపోయింది, ఆ తర్వాత ఎక్కి దూకుతారు. నా పాత సహోద్యోగి కోడలికి ఇప్పుడు ఆరో నెల. విప్పి ఇచ్చేశాను. బోల్టులు వేరే సంచిలో కట్టి, ఎన్నున్నాయో చీటీ రాసి పెట్టాను. పరుపు ఇంకా మందంది కొంటామన్నారు. వద్దన్నాను, 15 సెంటీమీటర్లు మించితే పక్క ఎత్తు ఆ మేరకు తగ్గిపోతుంది.