రెక్క ఆగితే డొక్క సంగతేమిటి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు, మోటారు బోట్లు వేటకు పోకూడదు. మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె లాంటి మత్స్యకార గ్రామాల ఒడ్డున ఆ 61 రోజులూ బోట్లు కదలవు. అప్పుడు మత్స్యకారుల బతుకు గురించి చదువుకున్నవాళ్ల నోట వచ్చే మాట ‘హ్యాండ్ టు మౌత్’. 16వ శతాబ్దంలోనే ఇంగ్లిషులో వాడుకలో ఉన్న నుడికారమిది. చేతికందింది అందినట్టే నోట్లోకి పోతుంది, రేపటికి మిగలదు అని భావం. జాలిమాటే గానీ, దాచుకోవడం తెలియదన్న దెప్పు కూడా అందులో వినిపిస్తుంది. ఓడలో పనివాణ్ణీ, ఫ్యాక్టరీలో కూలీనీ ఆ భాష ‘హ్యాండ్’ అనే పిలిచింది. మనిషిని పక్కనపెట్టి పనికొచ్చే అవయవాన్ని లెక్కపెట్టుకుంది. ఈ నుడికారంలో మాత్రం ఆ చేతికి పనే లేదు, తినడమే ఉంది.

మన సామెత దారి వేరు. రెక్కాడితే గాని డొక్కాడదు. ఇక్కడ ముందు వచ్చేది కష్టం, తిండి దాని వెనకే. డొక్క ఎండితే రెక్క ఎందుకు ఆగిందని అడగాలి. వేట నిషేధంలో రెక్కను ఆపింది బద్ధకం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆపడం సబబే, రేపటి వేటకు అదే ఆధారం. కానీ అందరి మేలు కోసం ఆపిన పనికి ఇచ్చే డబ్బు దానం కాదు, కూలి.

సామెతలతో కడుపు నిండుతుందా అనొచ్చు. నిండదు. అయితే రోగాన్ని ఏమని పిలిస్తే దానికి తగ్గ మందే వస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద వేట లేని మూడు నెలలకిచ్చే 4,500 రూపాయల్లో 1,500 మత్స్యకారుడు తన జేబులోంచి కట్టుకున్నదే. పొదుపు నేర్పుదామన్న ఆలోచన అది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000కు పెరిగింది. పనిపోయిన రోజులకు ప్రతిఫలమన్న లెక్కకు ఇది దగ్గర. అయినా 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలే, అదీ ఇంటిల్లిపాదికీ. చేపలు బాగా పడ్డ రోజున దాచుకోవచ్చుగా అనేవాళ్లున్నారు. డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలిందాంట్లో బోటుకూ వలకూ వాటాలు తీశాకే కూలివాడికి దక్కేది. కొన్ని రోజులు డీజిలు ఖర్చే రాదు. దాచుకోమనడం తేలిక.

భృతి పడవెక్కి వేటకు పోయేవాడి పేరునే వస్తుంది. గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్ల రెక్కలూ అదే ఉత్తర్వుతో ఆగుతున్నాయి, వాళ్లను లెక్కలోకి తీసుకోవాలి. 2025లో సొమ్ము పంపిణీ మొదలైంది ఏప్రిల్ 26న, అంటే బోట్లు ఒడ్డెక్కిన పదకొండు రోజులకు. ఇకపై అది ఏప్రిల్ 15 ఉదయానికే చేతిలో పడాలి.