మూసీ దాటితే పరదేశమేనా?

తన ఎత్తులో సగముండే సంచీ వీపుకు తగిలించుకుని, దుమ్ముకొట్టుకుపోయిన బూట్లతో ఒక విదేశీ పిల్ల లాడ్ బజార్లో నడిచిపోతూ ఉంటుంది. మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి. వెంట అన్న లేడు, నాన్న లేడు, మేనమామ లేడు. లక్కగాజు ఎలా చేస్తారని సైగలతోనే అడిగి, బొగ్గుల కుంపటి ముందు గొంతుక్కూర్చుని అరగంట చూసి, లేచి మక్కా మసీదు వైపు వెళ్ళిపోతుంది. కారు ఎక్కడో నిలిపి, పెళ్ళికూతురి గాజులు గబగబా కొనేసి తిరుగుముఖం పట్టిన మనం ఆ పిల్లను చూసి ఏమంటాం? "అబ్బ, ఎంత ధైర్యమే తల్లీ! పుడితే అలాంటి దేశంలో పుట్టాలి" అంటాం.

ఇంటికొచ్చాక మన పిల్ల, "అమ్మా, రేపు నేనొక్కదాన్నే పాతబస్తీ అంతా తిరిగొస్తాను" అందనుకోండి. "నీకేమన్నా మతిపోయిందా? నాన్నగారు వింటే ఊరుకుంటారా?" అనేదీ మనమే!

నాకు అంతుపట్టనిది ఇదే. వీధి అదే, జనం వాళ్ళే, వేళ కూడా అదే. ప్రమాదమంటూ ఉంటే ఇద్దరికీ ఉండాలి. నిజానికి భాష రాని ఆ పిల్లకే ఎక్కువ ఉండాలి. తేడా అల్లా ఒక్కటే. ఆ పిల్ల వెళ్తానని ఇంట్లో చెప్పి ఉంటుంది. మన పిల్ల వెళ్ళనా అని అడుగుతుంది.

"మరి మేం విదేశాలు చూడలేదా?" అని మీలో కొందరు కోప్పడవచ్చు. చూశారు, కాదనను. ఎలా చూశారో కూడా కాస్త చెప్పుకుందాం. సింగపూరు, మలేషియా కలిపి ఆరు రోజులు. బస్సులో నలభై మంది, నలభై మందీ తెలుగువాళ్ళే. పెట్టెల్లో పులిహోర పొట్లాలు, కందిపొడి, ఆవకాయ. జెండా పట్టుకున్న కుర్రాడు ముందు నడుస్తుంటే బడిపిల్లల్లా వెనక మనం. బస్సులో అంత్యాక్షరి. పక్క సీట్లో వదినగారితో కోకాపేట ఫ్లాట్ల రేట్లు. తిరిగొచ్చాక, సింగపూర్లో వాళ్ళు పొద్దున్నే ఏం తింటారండీ అని అడిగి చూడండి. "మాకు ఇడ్లీలే పెట్టారమ్మా, బాగానే ఉన్నాయి" అన్న జవాబే వస్తుంది.

అమెరికా సంగతి ఇంకా చిత్రం. ఆరేసి నెలలు ఉండి వస్తారు. వెళ్ళింది కూతురి పురిటికో, కోడలి పురిటికో. కిటికీలోంచి మంచు చూశారు, శనివారం గుడికి వెళ్ళారు, ఆదివారం గిడ్డంగిలాంటి పెద్ద కొట్లో సామాన్లు తోపుడుబండిలో నింపారు. పక్కింటావిడ పేరేమిటి? తెలియదు. వాళ్ళింట్లో ఎవరైనా పోతే ఆ వీధివాళ్ళు ఏం వండి పట్టుకెళ్తారు? తెలియదు. ఆ పెద్దావిడను నేను వెక్కిరించడం లేదు సుమండీ. ఎవరో ఒకరు కారెక్కించుకుంటే తప్ప గడప దాటే వీల్లేని చోట ఆవిణ్ణి పెట్టారు, ఆవిడేం చేస్తుంది? కాకపోతే దాన్ని ప్రయాణం అనకండి. ఉద్యోగంలో బదిలీ అంటారే, అది. వంటిల్లు మారింది, అంతే.

"ఆడదానికి తోడు కావాలి, పైగా పెట్టెలు బోలెడు మొయ్యాలి" అన్న వాదం మనింటి పెద్దలు కనిపెట్టింది కాదు. నెల్లీ బ్లై అనే అమెరికా పత్రికా విలేఖరి, భూగోళం చుట్టి వస్తానంటే, ఆవిడ పత్రికవాళ్ళు సరిగ్గా ఇవే రెండు అభ్యంతరాలు చెప్పారు. 1889 నవంబరులో ఆవిడ ఒక్క చేతిసంచీతో ఒంటరిగా బయల్దేరి, 72 రోజుల్లో తిరిగొచ్చి చూపించింది. అంత దూరం ఎందుకు, మన పోతం జానకమ్మగారు 1870లలోనే సముద్రం దాటి ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి మనుషుల తీరుతెన్నులు రాశారు. ఆ రచన ఇంగ్లీషులో 1876లో మద్రాసులో అచ్చయింది. మన హైదరాబాదులోనే సుగ్రా హుమాయూన్ మీర్జా అనే ఆవిడ యూరప్, ఇరాక్ యాత్రల గురించి ఉర్దూలో పుస్తకాలు రాశారు. సముద్రం దాటితే కులం పోతుందన్న కాలంలో, ముఖం కనబడితే పరువు పోతుందన్న కాలంలో వాళ్ళు అలా వెళ్ళారు. నయాపూల్ దాటితే మనకేం పోతుందట?

దిల్‌సుఖ్‌నగర్లోనో కూకట్‌పల్లిలోనో నలభై ఏళ్ళు కాపురం చేసి, పిల్లల్ని పెంచి, పెళ్ళిళ్ళు చేసి, "పాతబస్తీనా? అమ్మో, మాకు అటువైపు తెలియదండీ" అనే వాళ్ళు ఎంతమంది లేరు! అటువైపు అంటే ఏదో సరిహద్దు, పాస్‌పోర్టు చూపించాలన్నట్టు! పురానాపూల్ కట్టింది 1578లో. చార్మినార్ కట్టింది 1591లో. అసలు ఊరు అదీ. మనముంటున్న కాలనీలన్నీ తరవాత అతుక్కున్నవి. ఆ లెక్కన పరదేశీయులం మనం.

సరే, భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. 1978, 1990 సంవత్సరాలు ఈ ఊళ్ళో ఉన్న వాళ్ళెవరూ మరిచిపోలేరు. 1990 డిసెంబరు కర్ఫ్యూ గుర్తున్న తల్లి కూతుర్ని పంపడానికి వెనకాడితే దాన్ని పిరికితనం అనే హక్కు నాకు లేదు. కానీ ఒక్క సంగతి. ఆ కర్ఫ్యూలో పాలు దొరక్క పసిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఎవరు? అటువైపు ఆడవాళ్ళే. శాలిబండలో, గౌలిపురాలో, లాల్ దర్వాజాలో ఉన్న తెలుగువాళ్ళూ, వాళ్ళ పక్క గల్లీల్లోని ముస్లింలూ ఇద్దరూ. వాళ్ళు మళ్ళీ తలుపులు తీసి, కూరగాయలు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపి దశాబ్దాలైంది. మనం మాత్రం ఇంకా కిటికీ సందులోంచి చూస్తున్నాం. ఈ మధ్యలో మన కాలనీల్లో గొలుసుల దొంగతనాలు జరిగితే మటుకు ఎవరూ "ఇకమీదట ఈ వీధిలో నడవకు" అనలేదు. గొలుసు లోపలికి వేసుకోమన్నారు.

ఇక అసలు విషయం. ఒంటరిగానే ఎందుకు? శ్రీవారితో వెళ్ళకూడదా? వెళ్ళండి, ఎవరొద్దన్నారు! కాని ఆయన పక్కనుంటే దుకాణదారు ఆయనతోనే మాట్లాడతాడు. గాజులు మీకు, బేరం ఆయనకు. పది మంది స్నేహితురాళ్ళతో వెళ్తే మీలో మీరే మాట్లాడుకుంటారు, ఊరు మీతో మాట్లాడదు. ఒక్కరే వెళ్తే దారి అడగాలి. ధర అడగాలి. "ఇదేమిటి?" అని అడగాలి. అడిగిన మనిషికి చెప్పడం ఆ ఊరి మర్యాద.

గాజుల కొట్లో ఒక్కరే కూర్చుని చూడండి. పక్కన కూర్చున్న బురఖా ఆవిడ మీ చెయ్యి చూసి, "రెండు-నాలుగు సరిపోదు, రెండు-ఆరు అడగండి" అంటుంది. దుకాణదారు ధర చెప్పగానే అతనికి వినబడకుండా, "నక్కో" అని కళ్ళతోనే వారిస్తుంది. ఆ గాజుల్లో చాలావాటికి రాళ్ళు పొదిగేది ఆ చుట్టుపక్కల ఇళ్ళలోని ఆడవాళ్ళే. లక్కను వేడి మీద మెత్తబరచి, రంగు కలిపి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, అది ఆరేలోపు ఒక్కొక్క రాయీ అతికించాలి. 2024లో ఆ గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చేసే చేతులకు కూలి ఎంత వస్తుందో మాత్రం మీరే అడిగి తెలుసుకోండి, కోపం వస్తుంది.

పొద్దున్నే వెళ్తే "బోహ్నీ" అంటాడు కొట్టువాడు. మన బోణీయే! తొలి బేరం చెడగొట్టుకోవడం అతనికీ ఇష్టముండదు. ఆ వేళ అతను ఎంత తగ్గుతాడో మధ్యాహ్నం తగ్గడు. "పర్సోం వచ్చింది ఈ సరుకు" అంటే మొన్న వచ్చిందని నమ్మకండి. దక్కనీలో పర్సోం అంటే మొన్న కావచ్చు, మూడేళ్ళ కిందట కావచ్చు. అత్తరు కొట్లో చేతి వెనక ఒక్క చుక్క రాసి, కాసేపాగి వాసన చూడమంటారు. ఎండాకాలానికి వట్టివేరు, చలికాలానికి హీనా. తొలకరి చినుకుకు మన్ను ఎలా వాసనేస్తుందో అచ్చం అలాగే ఉండే మట్టి అత్తరు ఒకటుంటుంది. కొనకపోయినా ఏమీ అనరు. మన కాలనీలో చీర విప్పించి కొనకుండా లేచినప్పుడు ఆ సేల్స్‌గర్ల్ చూసే చూపు గుర్తుందిగా!

ఇక వంట. ఖట్టీ దాల్ అంటే భయపడకండి, అది మన పప్పుచారుకు వేలువిడిచిన చెల్లెలు. చింతపండు, కరివేపాకు, ఎండుమిరపకాయ, అన్నీ మనవే. బగారా బైంగన్లో నువ్వులు, వేరుశనగలు, చింతపండు చూసి "ఇది మా గుత్తివంకాయే కదా" అంటే అక్కడి ఆడవాళ్ళు కాదంటారు, మీరు ఔనంటారు, గంటసేపు గడిచిపోతుంది. అంతకన్నా మంచి తగువు లేదు. ఢిల్లీ వంటలో ఇంత పులుపు ఉండదు. వాళ్ళ నాలుకకు ఈ చింతపండు రుచి మరిగించింది మనమేనని నా గట్టి నమ్మకం.

పురానీ హవేలీ మ్యూజియంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువాల హాలుంది. పొడవు 176 అడుగులు. దానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. వేసిన దుస్తులు మళ్ళీ వేసేవాడు కాదని చెబుతారు. "బీరువా నిండా చీరలు, కట్టుకోవడానికి ఒక్కటీ లేదు" అని మనం అన్నప్పుడల్లా దెప్పే మగవాళ్ళను ముందు అక్కడికి తీసుకెళ్ళాలి. చార్మినార్ ఎదురుగానే ఉన్న యునానీ ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చుంటే, మోకాళ్ళ నొప్పికి మతం లేదని తెలుస్తుంది. తెలుగు ముసలమ్మలూ, ఉర్దూ ముసలమ్మలూ ఒకరి మందు ఒకరు తప్పుపట్టుకుంటూ ఉంటారు.

ఇదంతా చదివి "ఆహా, గంగా-జమునీ తహజీబ్!" అనకండి, దయచేసి. ఆ మాట వేదికల మీద చెప్పే పెద్దమనుషుల్లో ఎందరు పాతబస్తీలో ఒక కప్పు చాయ్ తాగారో నాకు అనుమానమే. మనమూ వాళ్ళూ ఒకటే అని నేను అనడం లేదు. ఒకటే అయితే వెళ్ళడమెందుకు? మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బీబీ కా ఆలం బయల్దేరినప్పుడు, గుండెలు బాదుకునే ఆ దుఃఖం మనది కాదు. దాన్ని దూరాన నిలబడి, మాట్లాడకుండా చూడాలి. లాల్ దర్వాజా బోనాల్లో రంగం చెప్పే మనిషి ముందు నిలబడటం వాళ్ళది కాదు. మా ఊరి పీర్ల పండక్కి మేమూ పీరు ఎత్తేవాళ్ళం అని చెబితే వాళ్ళు ఆశ్చర్యపోవచ్చు, పోకపోవచ్చు. తేడా తెలిసిన తరవాత కలిసే స్నేహం ఉపన్యాసంలో దొరకదు.

ఇంకొక మాట, మన వైపు వాళ్ళకే. వెళ్ళింది జంతుప్రదర్శనశాలకు కాదు. బురఖా వేసుకున్న ఆడవాళ్ళ ఫోటోలు తియ్యకండి. "ఇది ఎందుకు వేసుకుంటారమ్మా?" అని మొదటి మాటే అడగకండి. మీ మంగళసూత్రం గురించి ఆవిడ అడిగిందా? ఆవిడ అడిగేది ఏమిటంటే, "ఎంతమంది పిల్లలు? ఒక్కరే వచ్చారా? ఇంట్లో ఏమీ అనరా?" ఆ మూడో ప్రశ్న అడిగేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం తగ్గుతుంది. మనింట్లో "నాన్నగారు ఊరుకుంటారా" అనే మాటా, వాళ్ళింట్లో ఆవిడ వినే మాటా ఒకటే. ఇక్కడ మాత్రం నిజంగానే ఒకటే. ఆవిడ ఎప్పుడైనా ఒక్కతే ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళిందో లేదో మీరూ అడగండి.

మగవాళ్ళు చెప్పే చివరి మాట ఒకటుంది. "నీకేం తక్కువైందని?" ఏమీ తక్కువ కాలేదండీ. మీరు ఆఫీసు పని మీద బెంగుళూరు వెళ్ళి, సాయంత్రం ఎక్కడెక్కడో తిరిగి, ఏదో కొత్త చోట దోసె తిని వచ్చినప్పుడు మేము ఈ ప్రశ్న వెయ్యలేదు.

ఖర్చు అంటారా, 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు సిటీ బస్సు ఉచితం. ఆధార్ చూపిస్తే చాలు. సింగపూరు చీటీ ఏదో కడుతూనే ఉండండి, అది వచ్చే ఏడాదికి. ఈ లోపల ఒక మంగళవారమో బుధవారమో పిల్లలు బడికి వెళ్ళగానే బయల్దేరండి. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదులో పెద్ద నమాజు, రద్దీగా ఉంటుంది, ఆ పూట వద్దు. తేలికగా విప్పే చెప్పులు, ఒక చేతిసంచీ, మంచినీళ్ళు, తలమీదికి లాక్కోవడానికి కొంగు, అంతే సరంజామా. ఇరానీ హోటల్లో ఒక్కరే కూర్చుని "ఒక చాయ్, రెండు ఉస్మానియా" అని గట్టిగా చెప్పండి. మొదటిసారి నలుగురు తలెత్తి చూస్తారు. రెండో గుక్కకు మానేస్తారు. ఖిచిడీ, దానితో ఇచ్చే నువ్వుల ఖట్టా రుచి చూడాలంటే మాత్రం పెందరాళే వెళ్ళాలి. మాంసం ముట్టని వాళ్ళు ఖీమా వద్దంటే సరి. అది పొద్దుటి ఫలహారం, ఎండ ముదిరాక వెళ్తే గిన్నె కడిగేసి ఉంటారు.