"మా ఇల్లు, మా ఇష్టం": ఈ మాట వెనక ఎవరి డబ్బుంది?

(ఇల్లు - కులం - పెట్టుబడి, 4వ భాగం)



పోయిన భాగం చదివి ఒక స్టూడెంట్ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇల్లు వాళ్లది. ఎవరికి ఇవ్వాలో వాళ్లిష్టం. దీన్ని వివక్ష అని ఎట్లా అంటావ్?" అని.

హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన ప్రతిసారీ నేనూ ఈ మాట విన్నాను. ముందు ఇంటిపేరు అడుగుతారు. తర్వాత ఊరు, తర్వాత "నాన్‌వెజ్ తింటారా?". చివరికి "మా చుట్టాలొస్తున్నారండీ, ఇల్లు ఇవ్వట్లేదు". టులెట్ బోర్డు మాత్రం నెలయినా గేటుకే వేలాడుతుంది. మనవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే.

తమ్ముడూ, "మా ఇష్టం" అనేది గాల్లోంచి పుట్టిన నీతి కాదు. ఒక దేశంలో ఆ మాటను రాజ్యాంగంలోకి ఎక్కించడానికి రియల్ ఎస్టేట్ వ్యాపారుల సంఘం డబ్బు పెట్టింది, ప్రచారం చేసింది, ఎన్నిక గెలిచింది. ఆ దేశం అమెరికా. ఆ సంఘం పేరు ఇప్పుడు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్.

1908లో చికాగోలో పుట్టిన సంఘం ఇది. 1924లో తన సభ్యుల నియమావళిని సవరించుకుంది. అందులో 34వ నియమం సారాంశం ఇది: ఏ జాతివాళ్లు వస్తే ఆ వీధిలో ఆస్తుల విలువ పడిపోతుందో, వాళ్లను ఆ వీధిలోకి తెచ్చే పనికి రియల్టర్ చేయి వేయకూడదు. ఆ పుస్తకం పేరేంటో తెలుసా? కోడ్ ఆఫ్ ఎథిక్స్. అంటే నల్లవాళ్లకు ఇల్లు చూపించకపోవడం తప్పు కాదు, చూపించడమే తప్పు! మనుస్మృతి చదివినవాళ్లకు ఈ తర్కం కొత్తేం కాదు. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా ఇదే లెక్కతో గృహరుణాలకు హామీ ఇచ్చింది. వ్యాపారుల నియమం ప్రభుత్వ విధానమైపోయింది. 1950లో ఆ నియమంలోంచి జాతి ప్రస్తావన తీసేశారు. ఆచరణ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అసలు యుద్ధం 1963లో. కాలిఫోర్నియా శాసనసభలో బైరన్ రమ్‌ఫోర్డ్ అనే నల్లజాతి సభ్యుడు ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం తెచ్చాడు. వెంటనే కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ అసోసియేషన్ రంగంలోకి దిగింది. కమిటీ ఫర్ హోమ్ ప్రొటెక్షన్ అని వేదిక పెట్టింది. చూడండి, "ఇంటి రక్షణ" అట! సంతకాలు సేకరించి 14వ ప్రతిపాదనను బ్యాలెట్ మీదికి తెచ్చింది. అందులో తెలుపూ లేదు, నలుపూ లేదు. యజమాని తన పూర్తి ఇష్టప్రకారం ఎవరికైనా ఇల్లు నిరాకరించవచ్చు, ప్రభుత్వం అడ్డురాకూడదు. అంతే.

1964 నవంబర్‌లో దాదాపు 65 శాతం ఓట్లతో అది గెలిచింది. అదే రోజు అదే ఓటర్లు, అదే ఏడు పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టిన లిండన్ జాన్సన్‌ను కూడా భారీగా గెలిపించారు. హోటల్లో పక్కన కూర్చుంటే పర్వాలేదు, పక్కింట్లో ఉంటేనే కష్టం! బాబాసాహెబ్ ఫొటోకు దండేసి, మనకు గది ఇవ్వని ఓనర్లు గుర్తొస్తున్నారా?

సుప్రీం కోర్టు 1967లో ఆ ప్రతిపాదనను కొట్టేసింది. కానీ దేశమంతటికీ చట్టం కావాలి కదా. 1966లో చికాగోలో ఇళ్ల హక్కు కోసం నడుస్తున్న మార్టిన్ లూథర్ కింగ్ తలకు రాయి తగిలింది. ఆ ఏడు సెనేట్‌లో గృహ హక్కుల బిల్లు చచ్చిపోయింది. రియల్టర్ల సంఘం దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను చంపారు. ఏప్రిల్ 11న ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. లాబీ ఆపిన చట్టం కదలడానికి ఒక ప్రాణం పోవాల్సి వచ్చింది.

ఓడిన సంఘం ఇంటికి పోయి పడుకోలేదు. మరుసటి ఏడు, 1969లో, అభ్యర్థులకు చందాలివ్వడానికి ఆర్‌పాక్ అనే రాజకీయ నిధిని పెట్టింది. ఇవాళ దాదాపు 15 లక్షల మంది సభ్యులు. రెండు పార్టీలకూ డబ్బిస్తారు. తమ రాజకీయ విభాగానికి వాళ్లు పెట్టుకున్న పేరే "రియల్టర్ పార్టీ". 2022లో ఒక్క ఏడాదిలో లాబీయింగ్ మీద 8 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, దేశంలోనే అతిపెద్ద లాబీగా నిలిచింది.

2020 నవంబర్‌లో సంఘం అధ్యక్షుడు పాత పాపాలకు క్షమాపణ చెప్పాడు. ఇప్పుడు సభ్యులకు వివక్షకు వ్యతిరేకంగా శిక్షణ కూడా ఇస్తున్నారు. మంచిదే. కానీ తొమ్మిది నెలలు తిరిగేసరికి, 2021 ఆగస్టులో, అలబామా, జార్జియా రాష్ట్రాల రియల్టర్ల సంఘాలు వేసిన కేసులో సుప్రీం కోర్టు కోవిడ్ కాలపు ఇళ్ల ఖాళీ నిషేధాన్ని ఎత్తేసింది. అద్దె కట్టలేక రోడ్డున పడే ప్రమాదం ఎక్కువగా ఉన్నది ఎవరికి? మళ్లీ నల్లజాతి పేదలకే. అందుకే అంటున్నాను, ఏ సంఘమైనా ఏం నమ్ముతుందో దాని క్షమాపణ లేఖలో కాదు, ఖర్చుల పద్దులో చూడండి.

ఇది మన కథ కూడా. రమ్‌ఫోర్డ్ చట్టం 1980లో కాలిఫోర్నియా ఉద్యోగ, గృహ హక్కుల చట్టంలో కలిసింది. 2023లో ఎస్‌బీ 403 బిల్లు ఆ చట్టంలోనే కులం అనే మాటను స్పష్టంగా చేర్చాలనుకుంది. ఈసారి అడ్డం పడింది రియల్టర్లు కాదు, మన దేశం నుంచి పోయినవాళ్లే! శాసనసభ ఆమోదించినా, ఉన్న చట్టాలు చాలంటూ గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. ఏ చట్టం వల్ల కాలిఫోర్నియాలో గోధుమరంగు మనిషికి ఇల్లు దొరుకుతుందో, ఆ చట్టంలో మనకు చోటు వద్దన్నారు.

ఇక ఇక్కడ? కులం చూసి ఇల్లు నిరాకరించడాన్ని సూటిగా నిషేధించే గృహ చట్టం మనకు ఇప్పటికీ లేదు. క్రెడాయ్, నారెడ్కో లాంటి బిల్డర్ల సంఘాలు బడ్జెట్ ముందు పన్ను రాయితీల కోసం వినతిపత్రాలు ఇస్తాయి. అమెరికాలో 1995 నుంచి లాబీ ఖర్చు వెల్లడించాలనే చట్టం ఉంది, కాబట్టే 8 కోట్ల లెక్క మనకు దొరికింది. ఇక్కడ అలాంటి చట్టమే లేదు. ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు కొట్టేసే దాకా, ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారో ఓటరుకు తెలియదు.

కాబట్టి మన డిమాండ్లు రెండు. ఒకటి, అద్దెలో, అమ్మకంలో కులవివక్షను శిక్షించే గృహ చట్టం. రెండు, లాబీయింగ్ ఖర్చు బయటపెట్టే చట్టం. మొదటిది అడుగుతూ రెండోది మరిచిపోతే, బిల్లు ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపారో మనకు ఎప్పటికీ తెలియదు.

తమ్ముడూ, ఇల్లు వాళ్లదే. కానీ ఆ ఇంటికి రోడ్డు, నీళ్లు, కరెంటు, రిజిస్ట్రేషన్ ఇచ్చింది రాజ్యం. ఆ ఇటుకలు మోసింది మనం. "మా ఇష్టం" అనే ముందు ఆ లెక్క కూడా తేల్చమను.

వచ్చే భాగం: హౌసింగ్ సొసైటీల బైలాస్‌లో దాక్కున్న కులం.

జై భీమ్.